ఫ్యామిలీకి ఒక ఓటు

మా తెలుగు సంఘంలో కుటుంబానికి ఒకటే ఓటు. ఈ సంగతి నాకు తొమ్మిదేళ్లు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరమూ రాలేదు, ఆ తొమ్మిదేళ్లలో మా సంఘంలో ఓటింగ్ అనేది జరిగితేగా. ప్రతి జనవరిలో ఒక ఆదివారం అందరం తలా ఒక వంటకం పట్టుకుని పాట్‌లక్‌కి చేరేవాళ్లం. వంకాయ కూరకూ పులిహోరకూ మధ్య నిలబడి ఎవరో మైకు పట్టుకుని, ఈ ఏడాది కూడా కమిటీని ఏకగ్రీవంగా ఎన్నుకున్నామని ప్రకటించేవారు. చేతుల్లో ప్లేట్లు ఉండేవి కాబట్టి చప్పట్లు కూడా కొట్టలేకపోయేవాళ్లం. ఆ మౌనాన్ని అంగీకారం కింద మినిట్స్‌లో రాసుకునేవారు.

మేముండేది న్యూజెర్సీలో, ఐసెలిన్‌కి ఇరవై నిమిషాల దూరంలో. మా ఆయనది వరంగల్ వైపు, నాది తెనాలి. ఆయన రోజూ జెర్సీ సిటీలోని ఆఫీసుకి రైలెక్కి వెళ్తారు. నేను ఆయన వెనకాల డిపెండెంట్ వీసా మీద వచ్చి, పని చేసే హక్కు లేక ఇంట్లో గోడలు చూస్తూ కూర్చున్న రోజుల్లో సంఘం తరఫున ఆదివారం తెలుగు బడి మొదలుపెట్టాను. తర్వాత వర్క్ పర్మిట్ వచ్చింది, ఉద్యోగమూ వచ్చింది. బడి మాత్రం వదల్లేదు. ఈ దేశంలో ఇది నాది అని చెప్పుకోగలిగిన మొదటి పని అదే. దాన్ని ఎవరైనా ముట్టుకుంటే నాకు ఒళ్లు మండుతుంది.

సంఘం అద్దెకు తీసుకున్న కమ్యూనిటీ హాల్లో పదిన్నర నుంచి పన్నెండున్నర దాకా బడి. మా అమ్మాయితో కలిపి పద్నాలుగు మంది పిల్లలు. నా బడిలో క్రమశిక్షణ ఎక్కువ. ఇంగ్లీషు మాట్లాడకూడదు. నోరు తెరవాలంటే ముందు చెయ్యెత్తి "మాట్లాడవచ్చా?" అని అడగాలి. నేను ఊఁ అంటేనే మాట. వారానికి ఒక పద్యం నోటికి రావాలి, రాకపోతే పదిసార్లు రాయాలి. పిల్లలకు బడి ఇష్టమేనా అని ఎవరైనా అడిగితే, చాలా ఇష్టమండీ అని చెప్పేదాన్ని. వాళ్లనడిగి చెప్పిన మాట కాదనుకోండి.

ఈ బడికి ముప్పు పికిల్‌బాల్ రూపంలో వచ్చింది. రెండేళ్ల కిందట మా చుట్టుపక్కల నలభై దాటిన మగవాళ్లందరికీ ఆ ఆట జ్వరంలా తగులుకుంది. ఇండియాలో స్కూల్ గ్రౌండ్ ముఖం చూడనివాళ్లు కూడా మోకాళ్లకు పట్టీలు వేసుకుని, బ్యాట్ల గురించి గంటలు గంటలు మాట్లాడేవారు. చలికాలం బయట ఆడలేరు. మా హాలు నేల నున్నగా ఉంటుంది. దాంతో ఆదివారం పొద్దుట హాలు ఆటకిచ్చి, తెలుగు బడిని ఆన్‌లైన్‌కి మారుద్దామని మా ప్రెసిడెంటు గారు వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆన్‌లైన్ బడి అంటే ఏమిటో నాకు తెలుసు. తెర మీద పద్నాలుగు నల్లటి గళ్లు, నా గొంతు ఒక్కటీ. ఒక్క నెలలో బడి మూతపడుతుంది.

ఇద్దరు ముగ్గురు తల్లులు గ్రూపులో కుదరదన్నారు. ప్రెసిడెంటు గారు నొచ్చుకోలేదు. జనవరి జనరల్ బాడీలో ఓటుకు పెడదాం, డెమోక్రటిక్‌గా తేలుద్దాం అని రాసి, కింద రెండు నమస్కారాలు పెట్టారు. గెలుస్తామని ముందే తెలిసినవాళ్లకు ప్రజాస్వామ్యం మీద మహా గౌరవం ఉంటుంది.

సరిగ్గా ఆ వారమే మా అమ్మాయికి స్కూల్లో ప్రాచీన గ్రీస్ మొదలైంది. ఆరో తరగతి. నేను చపాతీలు ఒత్తుతుంటే అది ఎదురుగా కూర్చుని ఏథెన్స్ కథ చెప్పేది. మొదట అక్కడ రాజులుండేవారట. తర్వాత భూములున్న పెద్ద కుటుంబాలు నాలుగు చేరి రాజును పక్కన పెట్టాయట. ఆ తర్వాత ఒక పెద్దమనిషి అప్పుల్లో మునిగినవాళ్లను విడిపించి, పుట్టుకను బట్టి కాకుండా ఆస్తిని బట్టి పదవులు అన్నాడట. అటు తర్వాత నియంతలు వచ్చారట. మొదట్లో ఆ మాట తిట్టు కాదట. వారసత్వం లేకుండా అధికారం పట్టినవాడని అర్థమట. వాళ్లలో కొందరు గుళ్లు కట్టించి, పండగలు ఘనంగా చేయించి, జనం చేత శభాష్ అనిపించుకున్నారట.

వింటున్నకొద్దీ ఇదంతా ఎక్కడో చూసినట్టే అనిపించింది. మా సంఘానికీ మొదట ఒక రాజు ఉండేవాడు. బ్యానరు, మైకు సెట్టు, పెద్ద గిన్నెలు ఆయన గరాజ్‌లో ఉండేవి కాబట్టి ఆయనే రాజు. ఆయన టెక్సాస్‌కి మారిపోయాక ట్రస్టీలు వచ్చారు. ఇంత విరాళం ఇస్తే ట్రస్టీ, దానిలో సగం ఇస్తే స్టేజీ మీద శాలువా, ఏమీ ఇవ్వకపోతే కుర్చీలు సర్దే వాలంటీరు. ఆ ట్రస్టీలను దించి ఇప్పటి ప్రెసిడెంటు గారు వచ్చారు. వచ్చీ రాగానే ఎండిపోయిన పులావు తీసేసి దమ్ బిర్యానీ పెట్టించారు. జనం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నారు. అప్పటి నుంచి ఏడేళ్లుగా ఆయనే.

ఆ తర్వాత ఏథెన్స్‌లో ఇంకో సంస్కర్త వచ్చాడంది మా అమ్మాయి. పాత తెగలను రద్దు చేసి, సముద్రం పక్కవాళ్లను కొందరిని, లోపలి ఊళ్లవాళ్లను కొందరిని, నగరంవాళ్లను కొందరిని కలిపి పది కొత్త తెగలు చేశాడట. ఎవరి మనుషులతో వాళ్లు గుంపు కట్టకుండా. నేను అప్పడాల కర్ర పక్కన పెట్టేశాను. మా పాట్‌లక్‌లో కోస్తావాళ్లది ఒక టేబులు, తెలంగాణవాళ్లది ఒక టేబులు, సీమవాళ్లది ఒక టేబులు. హైదరాబాద్‌లోనే పుట్టి పెరిగినవాళ్లు ఎటూ కూర్చోక నిలబడే తింటారు. మేం మాత్రం నియంత దగ్గరే ఆగిపోయామని ఆ పూట నాకు అర్థమైంది.

చివర్లో మా అమ్మాయి ఎవరికి ఓటు ఉండేదో చదివింది. ఆడవాళ్లకు లేదు. బానిసలకు లేదు. వేరే ఊరి నుంచి వచ్చి స్థిరపడినవాళ్లను మెటిక్‌లు అనేవారట. వాళ్లు పన్ను కట్టాలి, యుద్ధం వస్తే వెళ్లాలి, ఓటు మాత్రం వాళ్లకూ లేదు. అది పుస్తకంలోంచి తల ఎత్తి వాళ్ల నాన్న వైపు చూసింది. పద్నాలుగేళ్లుగా గ్రీన్ కార్డు క్యూలో నిలబడ్డ మనిషి సోఫాలో మోకాలికి ఐస్ పెట్టుకుంటున్నారు.

"సో, నాన్న మెటిక్," అంది. తర్వాత నన్ను చూసింది. "నువ్వు టూ టైమ్స్ నో, అమ్మా."

నవ్వాను. అమెరికాలో లేకపోతే లేదు, మన సంఘంలో నాకు ఓటుందని చెప్పాను. చెప్పాక ఎందుకో అనుమానం వచ్చి సంఘం బైలాస్ తెరిచాను. పదకొండో పేజీలో ఉంది. సభ్యత్వం కుటుంబానికి, ఓటు ప్రైమరీ మెంబరుకి. ప్రైమరీ మెంబరు అంటే ఫారంలో మొదటి గడిలో పేరున్నవారు. తొమ్మిదేళ్ల కిందట ఆ ఫారం నింపింది నేనే. నా చేత్తో, నా పెన్నుతో, మొదటి గడిలో మా ఆయన పేరు రాశాను. ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతం చేయలేదు. వీసా కాగితాల దగ్గర్నుంచి పళ్ల డాక్టరు కాగితాల దాకా ముందు ఆయన పేరు, కింద డిపెండెంట్ అని నా పేరు రాసీ రాసీ చెయ్యి అలా అలవాటుపడింది. బడి పిల్లల తల్లులకు ఫోన్లు చేశాను. అందరి కథా అదే. ఒక్కావిడకు మాత్రం ఓటుంది. వాళ్లింట్లో భర్త ఆవిడ వీసా మీద వచ్చారు.

మా ఆయన్ని అడిగాను. మనిద్దరికీ ఒకటే ఓటు కదా, తను వేస్తే నేను వేసినట్టేనన్నారు. అయితే నేను చెప్పినట్టు వెయ్యండన్నాను. ఆయన మోకాలి మీద ఐస్ సర్దుకున్నారు. ఆ మోకాలు కూడా పికిల్‌బాల్ పుణ్యమే.

"రోజూ స్టేషన్‌కి ప్రెసిడెంట్ గారి కార్లనే పోతున్న కదా," అన్నారు చివరికి. "పొద్దుగాల ముఖం ఎట్ల చూపియ్యాలె? నేను న్యూట్రల్ ఉంట."

స్టేషన్‌లో పార్కింగ్ పాస్ దొరక్క, కార్‌పూల్ కోసం ఇల్లాలి బడిని వదులుకున్న మనిషి మీద ఎంత కోపం రావాలో అంతా వచ్చింది. రెండ్రోజులు మాట్లాడలేదు. చపాతీలు మాత్రం చేశాను.

జనరల్ బాడీ రోజు వచ్చింది. ఏథెన్స్‌లో కూడా జనం సభకు రాకుండా బజార్లో కబుర్లు చెప్పుకుంటూ ఉండేవారట. ఎర్ర రంగులో ముంచిన తాడు రెండు వైపులా పట్టుకుని జనాన్ని సభ వైపు తోలేవారట. బట్టలకు రంగంటినవాడికి జరిమానా. ఇది విన్నాక, పారాణిలో ముంచిన తాడు చివర మా ప్రెసిడెంటు గారిని ఊహించుకుని కాసేపు సంతోషించాను. ఆయనకు తాడు అక్కర్లేదు. సభ ముగిసేదాకా బిర్యానీ ట్రేల మీది రేకు తీయనివ్వరు. అందరూ వచ్చారు. పిల్లలు ఒక మూల ఐప్యాడ్లతో కూర్చున్నారు.

కోరం సరిపోవాలంటే నలభై మంది పెద్దవాళ్లు ఉండాలి. సెక్రటరీ వేలు చూపిస్తూ లెక్క పెట్టారు. వెనక ఉల్లిపాయలు తరుగుతున్న ఆడవాళ్లను, పెరుగు పచ్చడి కలుపుతున్న ఆడవాళ్లను, నన్ను, అందరినీ లెక్క పెట్టారు. యాభై ఆరు. కోరం ఉందని మైకులో చెప్పి ఓటింగ్ మొదలుపెట్టబోయారు.

నేను లేచాను. మనిషికి ఒక ఓటు ఉండాలని, కుటుంబానికి ఒకటంటే ఈ హాల్లో సగం మంది నోళ్లు కట్టేసినట్టేనని అన్నాను. ప్రెసిడెంటు గారు చాలా మర్యాదగా నవ్వారు.

"అమ్మా, కోప్పడకండి. మీరు మెంబర్ కాదు, మెంబర్ గారి ఫ్యామిలీ. బైలాస్ అట్లా ఉన్నాయి, నేనేం చేస్తాను చెప్పండి."

ఆ మాట నన్ను చెంపదెబ్బ కొట్టినట్టే తగిలింది. మర్యాదగా అనడం వల్ల ఇంకా గట్టిగా తగిలింది. మేం మెంబర్లం కాకపోతే కోరంలో మమ్మల్నెందుకు లెక్క పెట్టారని అడిగాను. సెక్రటరీ కాగితాలు తిరగేశారు. కోరం వేరమ్మా, ఓటు వేరు అన్నారు. కోరానికి మనుషులు చాలట, ఓటుకి మెంబర్లు కావాలట.

కోటు వేసుకున్నాను. ఇంటి నుంచి తెచ్చిన గుత్తి వంకాయ కూర ట్రే రెండు చేతులా పట్టుకుని, భుజంతో తలుపు నెట్టుకుని పార్కింగ్ లాట్‌లోకి వచ్చేశాను. నిజం చెప్పాలంటే అదేమీ వ్యూహం కాదు. ఏడుపొస్తోంది, వాళ్ల ముందు ఏడవకూడదనుకున్నాను. కానీ ఒక నిమిషం తర్వాత పెరుగు పచ్చడి గిన్నెతో ఒకావిడ వచ్చింది. ఆ వెనక పులిహోర వచ్చింది. తర్వాత దద్దోజనం, గారెలు, రెండు రకాల పప్పు వచ్చాయి. ఎవరో గరిటెలన్నీ సంచిలో వేసుకుని మరీ వచ్చారు. కార్ల బానెట్ల మీద గిన్నెలు పెట్టుకుని, జనవరి చలిలో ముప్ఫై మందిమి నిలబడ్డాం. ఓటున్న ఆవిడ కూడా మాతోనే వచ్చేసింది. అద్దం తలుపుకి ముక్కు ఆనించి మా అమ్మాయి మమ్మల్నే చూస్తోంది. దాని వెనక మిగతా పిల్లలు.

లోపల కోరం లేదు. గరిటె కూడా లేదు. పావుగంటకి సెక్రటరీ కోటు లేకుండా బయటికొచ్చి, ఈ ఒక్కసారికి పెద్దవాళ్లందరూ చేతులెత్తవచ్చని చెప్పారు. లోపలికి వెళ్లాం, చేతులెత్తాం, బడి నిలిచింది. పికిల్‌బాల్ ఓడిపోయింది. మా ఆయన చెయ్యి చెవి దాకా లేచి, తల గోక్కుని దిగిపోయింది. మాటకు కట్టుబడి న్యూట్రల్‌గా ఉన్నారు.

ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు. ఈ ఆనందంలో తర్వాతి ఆదివారం పద్యం పక్కన పెట్టి, పిల్లలకు ఏథెన్స్ పాఠం తెలుగులో చెప్పాలనుకున్నాను. ఓక్ ట్రీ రోడ్డులో పెరుగు తోడు పెట్టుకునే మట్టి కుండ ఒకటి కొన్నాను. దాన్ని పాత టవల్‌లో చుట్టి, పిల్లల ముందు నేలకేసి కొట్టాను. జన్మలో మొదటిసారి వాళ్లు నా పాఠం కళ్లింత చేసుకుని చూశారు.

పద్నాలుగు పెంకులు ఏరి, అంచులు గరుకు కాగితంతో రుద్ది, తలా ఒకటి ఇచ్చాను. విషయం చెప్పాను. ఊళ్లో ఒకరి పెత్తనం మరీ ఎక్కువైందని అనిపిస్తే ఏథెన్స్‌వాళ్లు పెంకు మీద ఆ మనిషి పేరు గీసేవారు. ఎక్కువ పెంకులు ఎవరి మీద పడితే వాళ్లు పదేళ్లు ఊరొదిలి పోవాలి. ఆస్తి వాళ్లదే, పరువుకేమీ లోటు లేదు. కాకపోతే తమ తరఫున వాదించుకునే వీలు లేదు. ఇప్పుడు మీరు మన వాళ్లలో ఒకరి పేరు రాయండని మార్కర్లు పంచి, అటు తిరిగి నిలబడ్డాను. ప్రెసిడెంట్ అంకుల్ పేరు చూసి ఎలా నవ్వాలో, పైకి ఎలా మందలించాలో కూడా అనుకుని ఉంచుకున్నాను.

పెంకులు బుట్టలో వేశారు. బల్ల మీద ఒక్కొక్కటే తిప్పాను.

టీచర్ ఆంటీ. టీచర్ ఆంటీ. టీచర్ ఆంటీ. పదమూడు పెంకుల మీద అదే ఉంది. పద్నాలుగో దాని మీద అమ్మ అని ఉంది.

పిల్లలు భయపడుతున్నారు, కానీ ఎవరూ తల దించుకోలేదు. మా అమ్మాయి చెయ్యెత్తి, మాట్లాడవచ్చా అని అడిగింది. నేను ఊఁ అనలేదు. అది చెయ్యి దించకుండానే మాట్లాడింది.

"ఓటింగ్ రోజు మమ్మల్ని ఎవరూ అడగలేదు, అమ్మా. బడి మాది కదా? క్లాస్ మాకు కదా?"

అప్పుడు నా నోటి నుంచి ఒక మాట వచ్చింది. కోపంగా కూడా రాలేదు. చాలా మర్యాదగా, నవ్వుతూ వచ్చింది.

"కోప్పడకండి. మీరు మెంబర్లు కాదు, మెంబర్ల పిల్లలు. రూల్స్ అలా ఉన్నాయి, నేనేం చేస్తాను?"

అన్నాక విన్నాను. ప్రెసిడెంటు గారి మాట, ప్రెసిడెంటు గారి నవ్వు. వెనక్కి తీసుకుందామనుకునేలోపే కుర్చీలు జరిగిన చప్పుడైంది. పిల్లలు లేచారు. వరసగా కోట్లు వేసుకున్నారు, చిన్నవాళ్ల జిప్పులు పెద్దవాళ్లు పెట్టారు. మా అమ్మాయి అందరి కంటే వెనక ఉండి, తలుపు దగ్గర ఆగి, ఖాళీ కుర్చీలను వేలితో లెక్కపెట్టింది.

"కోరం లేదు, అమ్మా," అని వెళ్లిపోయింది.

నేనొక్కదాన్నే మిగిలాను. చేసేదేమీ లేక పెంకులు వరసగా పేర్చుకుంటూ కూర్చున్నాను. చాలాసేపటికి గానీ ఒక సంగతి నా బుర్రకెక్కలేదు. ఏ భాషలో రాయాలో నేను వాళ్లకు చెప్పలేదు. ఇన్నేళ్లలో నేను అడక్కుండా ఆ పిల్లలు తెలుగులో ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. ఇవాళ పద్నాలుగూ తెలుగులోనే రాశారు. గుండ్రంగా, తీరుబడిగా, నేను దిద్దించినట్టే రాశారు. నన్ను వెళ్లిపొమ్మనడానికి వాళ్లకు నేను నేర్పిన అక్షరాలే పనికొచ్చాయి. ఏడుపొచ్చింది, నవ్వూ వచ్చింది. ఈసారి చూసేవాళ్లెవరూ లేరు కాబట్టి రెండూ కానిచ్చాను.

తర్వాత కోటు వేసుకుని బయటికి వెళ్లాను. పద్నాలుగు మందీ మా కారు చుట్టూ నిలబడి ఉన్నారు. నన్ను చూసి మాటలు ఆపేశారు. ఏథెన్స్ సభలో అన్నిటికంటే ముందు ఒకడు లేచి జనాన్ని ఒక ప్రశ్న అడిగేవాడని మా అమ్మాయే నాకు చెప్పింది. ఇప్పుడు ఆ ప్రశ్న తనే అడిగింది, అమెరికా యాసలో, తెలుగులో.

"ఎవరు మాట్లాడతారు?"

నేను చెయ్యెత్తాను.

"మాట్లాడవచ్చా?" అని అడిగాను.

పిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఎవరూ వెంటనే ఊఁ అనలేదు. నేను చెయ్యి దించకుండా నిలబడ్డాను.